మొలక దశలోనే తెగులు లెక్క: పండ్ల తోటల్లో డీఎన్‌ఏ మార్కర్లు ఎంతవరకు పనికొస్తాయి?

సంక్షిప్తంగా: డీఎన్‌ఏ మార్కర్, అంటే కావలసిన జన్యువు ఉందో లేదో పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తు, మొక్కకు కొత్త గుణాన్ని తెచ్చిపెట్టదు. సంకరణంలో పుట్టిన వందలాది మొలకల్లో తెగులును తట్టుకునే జన్యువు ఏ మొలకకు వచ్చిందో కాయ కాసేదాకా ఆగకుండా చెబుతుంది. ఒకే తెగులుకు రెండు మూడు నిరోధక జన్యువుల్ని ఒకే మొక్కలో పేర్చాలంటే ఇంతకన్నా నమ్మకమైన దారి ప్రస్తుతానికి లేదు. అయితే చెట్టు కాపుకు వచ్చే కాలం, మార్కెట్‌లో పేరున్న రకాన్ని ఉన్నది ఉన్నట్టు నిలుపుకోలేకపోవడం, తెగులు కారకం కూడా మారుతూ ఉండటం ఈ పద్ధతికి హద్దులు గీస్తున్నాయి.

మూడు పద్ధతులు, ఒకటే అనుమానం

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించింది. వాటిలో ఒకటైన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో సాంబమసూరి నుంచి రూపొందింది. ఆ తర్వాత జన్యువు, డీఎన్‌ఏ అనే మాటలు వినిపించిన ప్రతి వంగడాన్నీ ఒకే గాటన కట్టి, ఇది బీటీ పత్తి లాంటిదేనా అని అడగడం ఎక్కువైంది. ఈ అనుమానం సహజమే. కానీ ఇక్కడున్నవి మూడు వేర్వేరు పద్ధతులు, వాటి తేడా తెలియకపోతే తర్వాతి చర్చంతా తప్పుదారి పడుతుంది.

జన్యు మార్పిడిలో బయటి జన్యువును ప్రయోగశాలలో మొక్క కణంలోకి చొప్పిస్తారు. రింగ్‌స్పాట్ వైరస్ దెబ్బకు హవాయి దీవుల్లో బొప్పాయి సాగు కుప్పకూలుతున్నప్పుడు, ఆ వైరస్ పైపొరకు చెందిన జన్యువునే బొప్పాయిలోకి చేర్చి తయారుచేసిన రెయిన్‌బో, సన్‌అప్ రకాలు 1998లో రైతులకు అందాయి. జన్యు సవరణలో మొక్కలో ఉన్న జన్యువునే ఎంచుకున్న చోట కత్తిరించి మారుస్తారు. మార్కర్ల పద్ధతిలో ఈ రెండూ ఉండవు. పుప్పొడి తీసి మరో పువ్వుకు అద్దడం, గింజ పట్టడం, మొలక పెంచడం అన్నీ పాత కాలపు సంకరణంలాగే సాగుతాయి. ఏ మొలకను ఉంచాలి, ఏది తీసేయాలి అనే నిర్ణయం మాత్రం డీఎన్‌ఏ చూసి తీసుకుంటారు. అందువల్ల ఈ పద్ధతిలో వచ్చిన వంగడానికి జన్యు మార్పిడి పంటలకు కావలసిన ప్రత్యేక అనుమతులు అక్కర్లేదు. మామూలు వంగడాల మాదిరిగానే పరీక్షించి విడుదల చేస్తారు.

తెలుగువారికి ఇందుకు దగ్గరి ఉదాహరణ కూడా సాంబమసూరే. బాపట్ల నుంచి 1986లో వచ్చిన ఈ రకానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బలహీనత. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి మార్కర్ల సాయంతో ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువుల్ని అందులోకి తెచ్చాయి. 2008లో విడుదలైన మెరుగైన సాంబమసూరి అదే. ఈ మూడింటిలో చివరి రెండూ అంతర్గత జన్యువులు. అంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వచ్చి జంటగా ఉంటే తప్ప వాటి ప్రభావం బయటికి కనిపించదు. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న మొక్కకు తెగులు సోకుతుంది. కాబట్టి చేలో చూసేవారు దాన్ని పనికిరానిదని పీకేస్తారు. డీఎన్‌ఏ చూసినవారికి మాత్రమే ఆ మొక్క విలువ తెలుస్తుంది.

ఆకు ముక్క నుంచి జవాబు దాకా

పని ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూస్తే చాలా అపోహలు తొలగుతాయి. సంకరణం చేసిన పండ్ల గింజల్ని గుంతల ట్రేలలో విత్తుతారు. మొలక రెండు మూడు అసలు ఆకులు వేయగానే, కాగితానికి రంధ్రం వేసే పంచ్ లాంటి పరికరంతో లేత ఆకు నుంచి నుదుటి బొట్టంత ముక్క తీస్తారు. దాన్ని 96 గుంతలున్న ప్లాస్టిక్ ప్లేటులో, ఏ మొలక అంకె ఉన్న గుంతలో ఆ మొలక ముక్కనే వేస్తారు. ఈ దశలో ఒక్క గుంత తారుమారైనా ఆ వరుసంతా ఒక మొలక ఫలితం పక్క మొలక పేరున పడిపోతుంది. ఎంత ఖరీదైన యంత్రమూ ఈ తప్పును సరిదిద్దలేదు. తర్వాత ముక్కల్ని నలిపి డీఎన్‌ఏ వేరుచేస్తారు. పీసీఆర్ అనే ప్రక్రియతో కావలసిన చిన్న భాగాన్ని మాత్రం కోట్ల ప్రతులుగా పెంచుతారు.

ఆ ప్రతుల్ని జెల్ మీద పోసి విద్యుత్తు పంపితే పొట్టి ముక్కలు ముందుకు పోతాయి, పొడవైనవి వెనకబడతాయి. అడవి జాతి నుంచి వచ్చిన భాగం ఒక ఎత్తులో గీతగా కనిపిస్తే, తోట రకం నుంచి వచ్చినది ఇంకో ఎత్తులో కనిపిస్తుంది. రెండు గీతలూ ఉంటే ఆ మొలకకు రెండు వైపుల నుంచీ చెరొకటి వచ్చాయని అర్థం. ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో జెల్ బదులు, డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడాను వెలుగు రంగుతో గుర్తించే యంత్రాలు వాడుతున్నారు. దాంతో వేల మొలకల ఫలితం కొద్ది రోజుల్లోనే చేతికి వస్తోంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఏమిటంటే, మార్కర్ అనేది చాలాసార్లు నిరోధక జన్యువు కాదు, దాని పక్కనుండే గుర్తు. కొత్త ఊళ్లో ఇల్లు వెతికేవారికి రావిచెట్టు పక్క ఇల్లని చెప్పినట్టన్నమాట. చెట్టూ ఇల్లూ దగ్గరగా ఉన్నంతకాలం ఆ గుర్తు పనిచేస్తుంది. కానీ పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జత క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. అప్పుడు గుర్తు ఒక వైపు, జన్యువు మరో వైపు పోవచ్చు. వాటి మధ్య దూరం ఇలా విడిపోయే అవకాశం 5 శాతం ఉండేంతగా ఉంటే, నిరోధకం ఉందని ఉంచిన ప్రతి ఇరవై మొలకల్లో ఒకటి తప్పవుతుంది. అదే జన్యువుకు అటూ ఇటూ అంతే దూరంలో రెండు గుర్తులు పెట్టుకుంటే, రెండు వైపులా ఒకేసారి విడిపోతే తప్ప పొరపాటు జరగదు. అప్పుడు పొరపాటు అవకాశం సుమారు నాలుగు వందల్లో ఒకటికి తగ్గుతుంది. జన్యువునే కనిపెట్టి, దాని లోపలి తేడానే గుర్తుగా వాడగలిగితే ఈ బెడద దాదాపు ఉండదు.

వరిలో నడిచిన దారి తోటలో ఎందుకు నడవదు?

వరి కొన్ని నెలల పంట, తన పుప్పొడితో తానే గింజ కట్టే పంట. మంచి రకంతో పదేపదే తిరుగు సంకరణం చేస్తే, అంటే పుట్టిన సంకర మొక్కను మళ్లీ అదే రకంతో కలుపుతూ పోతే, నాలుగైదు తరాల్లో నిరోధక జన్యువును ఇచ్చిన దాత మొక్క వాటా కరిగిపోయి, అసలు రకమే ఒక కొత్త జన్యువుతో తిరిగి వస్తుంది. లెక్క తేలిక: తొలి సంకరణంలో దాత వాటా సగం, ఆపై ప్రతి తిరుగు సంకరణంలో అందులో సగం, అంటే నాలుగోసారికి సగటున 3 శాతం చిల్లర. సాంబమసూరి రుచి, గింజ సన్నదనం చెడకుండా తెగులును తట్టుకునే గుణం రావడానికి ఇదే కారణం.

పండ్ల చెట్లలో రెండు అడ్డంకులు ఎదురవుతాయి. మొదటిది కాలం. గింజ నుంచి పెరిగిన యాపిల్ మొక్క పూతకు రావడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్లు, ద్రాక్షకు మూడు నాలుగేళ్లు పడుతుంది. మామిడికి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. రెండోది చెట్ల పుట్టుక తీరు. యాపిల్ తన పుప్పొడిని తానే ఒప్పుకోదు. ద్రాక్ష, మామిడి లాంటి వాటిలోనూ ఒక్కో రకం అనేక తేడాల మిశ్రమం, దాన్ని అంటుకట్టి కాపాడుకుంటున్నాం. బంగినపల్లి గింజ నాటితే బంగినపల్లే రాదని ప్రతి మామిడి రైతుకూ తెలుసు. అంచేత బంగినపల్లితో ఎన్నిసార్లు తిరుగు సంకరణం చేసినా బంగినపల్లి తిరిగి రాదు, దాని బంధువు మాత్రమే వస్తుంది. పైగా ఒకే రకంతో మళ్లీ మళ్లీ కలిపితే మొక్కల జవం తగ్గుతుంది. అందుకే పరిశోధకులు ప్రతి తరంలో వేరే మంచి రకంతో కలుపుతారు.

మరి మార్కర్లతో మిగిలేది ఏమిటి? ఒక సంకరణంలో నాలుగు నిరోధక జన్యువులు కావాలనుకుందాం. ఒక్కోదాని ఒక్క ప్రతి మాత్రమే తల్లిదండ్రుల్లో ఉంటే, నాలుగూ ఒకే మొలకకు వచ్చే అవకాశం పదహారింట ఒకటి. వెయ్యి మొలకలు పెంచితే 62 వరకు పనికొస్తాయి. మిగతా 938 మొలకల్ని ట్రేలోనే తీసేయవచ్చు. ఒక్కో మొక్కకు 4 చదరపు మీటర్ల చొప్పున చూసినా ఆ 938 మొక్కలు ఎకరానికి కాస్త తక్కువ నేలను ఏళ్ల తరబడి ఆక్రమించి ఉండేవి. వాటి నీరు, కూలి, పందిరి ఖర్చూ మిగులుతుంది. తోట ఖర్చుతో పోలిస్తే ఆకు ముక్క పరీక్ష ఖర్చు స్వల్పం.

కానీ ఖర్చు ఆదా కన్నా ముఖ్యమైన ప్రయోజనం ఇంకొకటి ఉంది. ఒక నిరోధక జన్యువు ఉన్న మొక్కా, రెండు ఉన్న మొక్కా తోటలో ఒకేలా ఆరోగ్యంగా కనిపిస్తాయి. ఏ కంటికీ ఆ తేడా తెలియదు. జన్యువుల సంఖ్య లెక్కపెట్టగలిగేది మార్కరే. ఈ లెక్క ఎందుకంత అవసరమో యాపిల్ చరిత్ర చెబుతుంది.

యాపిల్: ఒక్క జన్యువు మీద ఆనుకున్న ఎనభై ఏళ్లు

వాన ఎక్కువగా పడే చల్లని దేశాల్లో యాపిల్‌కు ప్రధాన శత్రువు స్కాబ్ అనే శిలీంధ్ర తెగులు. ఆకుల మీద, కాయల మీద నల్లటి గరుకు మచ్చలు వేసి కాయను పగలగొడుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1914లో సీ.ఎస్. క్రాండల్ రోమ్ బ్యూటీ అనే రకాన్ని, గోళీకాయంత కాయలు కాసే జపాన్ పూల యాపిల్ చెట్టుతో కలిపారు. ఆ చెట్టు పేరు మాలస్ ఫ్లోరిబండా 821. ఆ సంతతిలో కొన్ని మొక్కలకు స్కాబ్ అసలు సోకడం లేదని 1940లలో ఎల్.ఎఫ్. హఫ్ గుర్తించారు. ఆ తర్వాత అమెరికాలోని మూడు విశ్వవిద్యాలయాలు చేతులు కలిపి, తరం తరానికీ కాయ సైజు, రుచి పెంచుకుంటూ పోయాయి. తొలి రకం ప్రిమా 1970లో విడుదలైంది. తొలి సంకరణం నుంచి తినదగిన కాయ దాకా 56 ఏళ్లు పట్టిందన్నమాట.

ఆ నిరోధానికి మూలమైన జన్యువుకు మొదట వీఎఫ్ అని, తర్వాత ఆర్‌వీఐ6 అని పేరు పెట్టారు. ప్రపంచంలో స్కాబ్‌ను తట్టుకునే యాపిల్ రకాల్లో అధిక భాగం ఈ ఒక్క జన్యువు మీదే నిలబడ్డాయి. దాన్ని దాటుకుని వచ్చిన శిలీంధ్ర జాతిని 1993లో ఐరోపా పరిశోధకులు శాస్త్రీయంగా వివరించారు. దానికి ఆరో జాతి అని పేరు. ఇందులో విచిత్రమేమీ లేదు. మొక్కలోని నిరోధక జన్యువు సాధారణంగా శిలీంధ్రం విడిచే ఒక ప్రత్యేక పదార్థాన్ని పసిగట్టి, అది తగిలిన చోటే తన కణాల్ని తాను చంపుకుని తెగులును అక్కడే ఆపుతుంది. శిలీంధ్రంలో ఆ పదార్థం మారినా, లేకుండా పోయినా మొక్క దాన్ని గుర్తుపట్టలేదు. కోట్ల సంఖ్యలో విత్తుల్ని గాలికి వదిలే జీవికి అలాంటి ఒక్క మార్పు ఎప్పుడో ఒకప్పుడు కలిసొస్తుంది.

రెండు మూడు వేర్వేరు జన్యువులు కాపలా ఉంటే అన్ని మార్పులూ ఒకే విత్తులో ఒకేసారి జరగాలి. ఒక్కో మార్పు అవకాశం పది లక్షల్లో ఒకటి అనుకుంటే, రెండూ కలిసి జరిగే అవకాశం లక్ష కోట్లలో ఒకటి. ఈ అంకెలు ఊహకు తీసుకున్నవే అయినా ఎన్ని రెట్లు తగ్గుతుందో తెలుపుతాయి. జన్యువుల్ని ఇలా పేర్చడాన్నే పిరమిడింగ్ అంటారు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పక్క తోటల్లో ఒక్క జన్యువు రకాలే విస్తారంగా ఉంటే, శిలీంధ్రం మొదటి మెట్టు అక్కడ ఎక్కి, రెండో మెట్టుకు ఇక్కడికి వస్తుంది. ఒక్కో మెట్టుగా ఎక్కే శత్రువు ముందు ఈ గుణకార లెక్క నిలవదు. అందువల్ల పేర్చిన రకాలు రాకముందే ఒంటి జన్యువు రకాల్ని ఊరంతా నాటించడం దూరదృష్టి లేని పని.

ద్రాక్ష: పేర్చడం ఫలించిన చోటు

ఈ పాఠాన్ని అందరికన్నా బాగా వంటబట్టించుకున్నది ద్రాక్ష పరిశోధకులు. ఐరోపా ద్రాక్షకు బూడిద తెగులు, డౌనీ మిల్డ్యూ అనే బూజు తెగులు రెండూ 19వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచే వచ్చాయి. బూజు తెగులు 1878లో ఫ్రాన్స్‌లో కనిపించింది. దాని కోసమే 1885లో మిలార్డే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని వెలుగులోకి తెచ్చారు. ఇప్పటికీ మన రైతులు నిమ్మకూ దానిమ్మకూ కొట్టే మందు అదే. ఫ్రాన్స్ సాగుభూమిలో ద్రాక్ష వాటా సుమారు 3 శాతమే అయినా, సస్యరక్షణ మందుల వాడకంలో దాని వాటా 20 శాతం దాకా ఉంటుందని చెబుతారు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల నిండా కాసిన అనాబె షాహి రైతులకు కూడా వానాకాలపు బూజు తెగులు బాధ బాగా తెలుసు.

నిరోధం అమెరికా ఆగ్నేయ ప్రాంతపు అడవి ద్రాక్ష మస్కడైన్‌లో దొరికింది. కానీ దానికి 40 క్రోమోజోములు, ఐరోపా ద్రాక్షకు 38. అందువల్ల తొలి సంకర మొక్కలు ఎక్కువగా గొడ్డుబోయాయి. ఫ్రాన్స్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో అలెయిన్ బుకే 1970ల నుంచి ఓపికగా తిరుగు సంకరణాలు చేసి, అడవి ద్రాక్ష రుచి పోయి నిరోధం మాత్రం మిగిలేలా చేశారు. ఆ నిరోధం 12వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్న రెండు జన్యువుల నుంచి వస్తోందని తర్వాత తేలింది. బూడిద తెగులుకు రన్1, బూజు తెగులుకు ఆర్‌పీవీ1. పక్కపక్కనే ఉండటం వల్ల ఈ రెండూ దాదాపు ఎప్పుడూ కలిసే సంతతికి చేరతాయి.

బుకే మొక్కల్ని నేరుగా రైతులకు ఇచ్చి ఉంటే యాపిల్ కథే పునరావృతమయ్యేది. ఆ ప్రమాదం ఊహ కాదు. ఆర్‌పీవీ3 అనే మరో జన్యువు ఒక్కదాని మీదే ఆధారపడిన బియాంకా రకం మీద ఆ నిరోధాన్ని దాటిన బూజు తెగులు చెక్ దేశంలో బయటపడినట్టు 2010లో ప్రచురితమైంది. ఫ్రెంచి సంస్థ 2000లో రెస్‌డ్యూర్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, బుకే మొక్కల్ని ఆర్‌పీవీ3 ఉన్న జర్మనీ రకాలతో కలిపి, రెండు జన్యువులూ ఉన్న మొలకల్ని మార్కర్లతోనే ఏరింది. అలా వచ్చిన అర్తబాన్, విదోక్, ఫ్లోరెయాల్, వోల్టిస్ రకాలు 2018లో నమోదయ్యాయి. వీటికి మందుల పిచికారీ ఎనభై శాతానికి పైగా తగ్గించవచ్చు. ఆ తర్వాతి దశల్లో ఆసియా అడవి ద్రాక్ష వైటిస్ అమురెన్సిస్ నుంచి తెచ్చిన ఆర్‌పీవీ10ను కూడా కలుపుతున్నారు. ఇంత జాగ్రత్త తీసుకున్నా ఏడాదికి ఒకటి రెండు పిచికారీలు మానొద్దని రైతులకు చెబుతారు. ఇతర తెగుళ్లను ఆపడమే కాక, నిరోధాన్ని దాటబోయే శిలీంధ్రాన్ని మొగ్గలోనే అణచడం అందులో ఉద్దేశం. తెగులు రాని రకమని నమ్మి మందు పూర్తిగా ఆపేస్తే ఆ రకం ఆయువును మనమే తగ్గించినట్టవుతుంది.

కాలిఫోర్నియా అనుభవం ఇంకో కోణం చూపుతుంది. అక్కడ పియర్స్ వ్యాధి అనే బ్యాక్టీరియా తెగులు తీగ లోపలి నీటి నాళాల్ని మూసేస్తుంది, మందుతో నయం కాదు. 1961లో హెరాల్డ్ ఓల్మో మెక్సికోలో సేకరించిన ఒక అడవి ద్రాక్షలో దీనికి నిరోధం దొరికింది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ వాకర్ బృందం దాన్ని 14వ క్రోమోజోమ్ మీదున్న పీడీఆర్1 అనే జన్యువుగా గుర్తించింది. మొక్కకు బ్యాక్టీరియా ఎక్కించి ఫలితం చూడాలంటే నెలలు పట్టేది. మార్కర్‌తో ఆ పని రోజుల్లో ముగిసింది. మొక్కల్ని త్వరగా పూయించే మెళకువలు కూడా తోడై రెండేళ్లకు ఒక తరం చొప్పున సాగారు. 2019లో ఐదు వైన్ రకాలు విడుదలయ్యాయి. వాటిలో ఐరోపా ద్రాక్ష వాటా 94 నుంచి 97 శాతం. యాపిల్‌లో అర్ధ శతాబ్దం దాటిన ప్రయాణం ఇక్కడ సుమారు రెండు దశాబ్దాల్లో ముగిసింది.

గుర్తు దొరకని గుణాలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకటి రెండు పెద్ద జన్యువులు నిర్ణయించే గుణాలు. అన్ని తెగుళ్లూ ఇలా ఉండవు. చాలా వాటిలో పదుల సంఖ్యలో చిన్న చిన్న జన్యువులు తలో చెయ్యి వేస్తే కొంత ఓర్పు వస్తుంది. ఒక్కో గుర్తును విడిగా పట్టుకుంటే అక్కడ ఫలితం అంతంతమాత్రం. ఒక సంకరణంలో కనిపెట్టిన గుర్తు మరో సంకరణంలో పనిచేయకపోవడం కూడా మామూలే. దీనికి జవాబుగా క్రోమోజోములన్నిటి మీదా వేల గుర్తుల్ని ఒకేసారి చదివి, ముందే పరీక్షించిన మొక్కల అనుభవంతో ప్రతి మొలకకూ ఒక అంచనా మార్కు వేసే జన్యుపట ఎంపిక వచ్చింది. యాపిల్‌లో దీన్ని వాడుతున్నారు. మామిడిలో కాయకు ఒకటే గింజ, చేత్తో చేసిన సంకరణాల్లో రాలిపోయే పిందెలే ఎక్కువ, కాబట్టి అంచనాకు కావలసినంత పెద్ద సంతతిని పోగుచేయడమే కష్టం.

అరటిలో అవరోధం ఇంకా మూలంలోనే ఉంది. మార్కెట్‌లో అమ్ముడుపోయే కావెండిష్ అరటికి గింజే ఉండదు. పనామా తెగులు టీఆర్4 జాతికి అడవి అరటిలో నిరోధం ఉన్నా, గింజ కట్టని రకంతో సంకరణం దాదాపు సాగదు. మార్కర్ ఎంత చక్కనిదైనా ఎంచడానికి మొలకలంటూ ఉండాలి కదా. ఆస్ట్రేలియా ఈ తెగులుకు జన్యు మార్పిడి దారి పట్టడానికి ఇదొక కారణం.

పేరు నిలబడుతుందా?

తిరుగు సంకరణంతో పాత రకం తిరిగి రాదు కాబట్టి, మార్కర్లతో వచ్చిన ప్రతి పండ్ల వంగడమూ కొత్త పేరుతోనే మార్కెట్‌కు పోవాలి. ధాన్యంలో ఇది అంత పెద్ద చిక్కు కాదు. పండ్లలో మాత్రం కొనేవారు పేరు చూసి కొంటారు. ఫ్రాన్స్‌లో వోల్టిస్‌ను షాంపేన్ ప్రాంతంలో 2022లో ప్రయోగాత్మకంగా అనుమతించినా, తోట విస్తీర్ణంలో 5 శాతం, వైన్ మిశ్రమంలో 10 శాతం మించకూడదని షరతు పెట్టారు. జన్యు మార్పిడి, జన్యు సవరణ సమర్థకులకు ఇక్కడే బలమైన వాదన దొరుకుతుంది. యాపిల్ వీఎఫ్ ప్రాంతంలోని ఒక జన్యువును 2004లో గాలా రకంలోకి నేరుగా చేర్చి చూపారు. గాలా అన్ని విధాలా గాలాగానే మిగిలింది. కానీ ప్రజల ఒప్పుదల, అనుమతుల ఖర్చు ఆ దారికి అడ్డుపడ్డాయి. ఏ దారిలోనూ పూర్తి సౌలభ్యం లేదు. మార్కర్ల దారిలో అనుమతి సులువు, మార్కెట్ కష్టం. రెండో దారిలో ఈ రెండూ తారుమారవుతాయి.

చీనీ, నిమ్మ, దానిమ్మ: ఇక్కడ ఏది దగ్గర?

అనంతపురం దానిమ్మ తోటల్ని కుదిపేసిన బ్యాక్టీరియా మచ్చ తెగులుకు భగువా రకం సులువుగా లొంగుతుంది. గూడూరు, పొదలకూరు ప్రాంతాల నిమ్మకు గజ్జి తెగులుదీ అదే పరిస్థితి. ఎంపిక పద్ధతిలో వచ్చిన బాలాజీ నిమ్మ గజ్జిని కొంత తట్టుకుంటుంది. నిమ్మజాతి మొక్కల్లో ఎల్ఓబీ1 అనే జన్యువునే గజ్జి బ్యాక్టీరియా తన పనికి వాడుకుంటుందని తేలింది. అంటే ఇక్కడ నిరోధాన్ని తేవడం కన్నా, తెగులుకు తలుపు తీసే జన్యువును మూయడం దగ్గరి దారి కావచ్చు, అది సవరణ పని. కడప, అనంతపురం బొప్పాయి రైతుల్ని వేధించే రింగ్‌స్పాట్ వైరస్‌కు నిరోధం దూరపు బంధువైన కొండ బొప్పాయిలో ఉన్నా, ఆ రెంటి సంకరణమే కష్టం. బొప్పాయిలో మార్కర్లు ఇప్పటికే బాగా పనికొస్తున్నది మరో చోట. మొలక దశలోనే ఆడ మొక్క ఏదో, మగ మొక్క ఏదో, రెండూ కలిసిన పూల మొక్క ఏదో అవి చెప్పేస్తాయి.

అన్నిటికన్నా దగ్గరి అవకాశం చీనీ తోటల్లో, అంటే తెలంగాణ రైతులు బత్తాయి అనే పంటలో కనిపిస్తుంది. అక్కడ మార్చాల్సింది పండు రకాన్ని కాదు, వేరుమూలాన్ని, అంటే అంటు కింద వేళ్లకోసం వాడే మొక్కను. పైన సాత్గుడి అనే చీనీ రకం కొమ్మ అలాగే ఉంటుంది, మార్కెట్‌లో పేరు అలాగే ఉంటుంది, కింద మట్టిలో ఉన్నది మాత్రం మారుతుంది. 19వ శతాబ్దంలో వేరుపేను ధాటికి ఐరోపా ద్రాక్ష బతికింది ఇలాగే, అమెరికా వేళ్ల మీద అంటుకట్టి. ప్రస్తుతం చీనీకి సిఫారసు చేస్తున్న రంగపూర్ నిమ్మ వేరుమూలం నీటి ఎద్దడిని బాగా ఓర్చుకుంటుంది. కానీ బంక తెగులు కలిగించే ఫైటోఫ్తోరాకు లొంగుతుంది. మూడాకుల నారింజ అనే మరో వేరుమూలం ఆ తెగులునూ, నిమ్మజాతి చెట్లకు సోకే ట్రిస్టెజా వైరస్‌నూ తట్టుకుంటుంది. వైరస్ నిరోధక జన్యువుకు మంచి మార్కర్లు ఉన్నాయి. ఈ రెండింటి గుణాలూ కలిసిన మొక్క కోసం పరిశోధకులు ప్రయత్నించడానికి కారణం ఇదే.

ఇక్కడ మార్కర్లకు ఇంకో పని కూడా ఉంది. నిమ్మజాతి గింజల్లో చాలా వాటికి ఒక్క గింజలోనే అనేక పిండాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లికి నకళ్లు, ఎప్పుడో ఒకటి మాత్రమే నిజమైన సంకరం. చూపుకు రెండూ ఒకటే. డీఎన్‌ఏ పరీక్షతో ఆ తేడా వెంటనే తేలుతుంది. సంకరణం చేసేవారికి సంకర మొలక కావాలి. నర్సరీవారికి మాత్రం అది పొరపాటున అంటుకు పోకూడదు, ఎందుకంటే ఒక తోటలో వేళ్లు తలోరకంగా ఉంటే చెట్లు ఎగుడుదిగుడుగా పెరుగుతాయి.

మూడాకుల నారింజకు ఒక పెద్ద లోపం ఉంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో అది ఇనుమును సరిగా తీసుకోలేక ఆకులు పసుపెక్కుతుంది. రాయలసీమలో అలాంటి నేలలు కొల్లలు. మార్కర్లతో ఏరిన సంకర మొక్కకు ఈ లోపం ఎంత వచ్చిందో ప్రయోగశాలలో పూర్తిగా తేలదు. సాత్గుడి అంటుకట్టి, ఆ నేలలోనే నాటి, కొన్ని కాపులు చూడాల్సిందే.